ముందుమాట దాటని నవల

పిల్లలకు సలహాలివ్వడానికి నీకేం అర్హత ఉందని మన దగ్గర ఎవరూ అడగరు. ఆ ధైర్యంతోనే, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కథలు రాస్తోందని తెలియగానే నేను సలహాదారు పదవి తీసుకున్నాను. అర్హత బొత్తిగా లేదనీ అనలేం. నేనూ నవల రాస్తున్నాను. దానికి పేరుంది, అంకితం ఉంది, బోలెడంత ముందుమాట ఉంది, కృతజ్ఞతల్లో ఎవరి తర్వాత ఎవరు రావాలో కూడా తేల్చిపెట్టాను. కథే ఇంకా మొదలుకాలేదు. ఈ నవల కోసం నేను పడ్డ శ్రమ గురించి ముందుమాటలో ఒక పేరా ఉంది. ఎప్పుడు చదివినా నాకు కళ్ళనీళ్ళు ఆగవు.

మాది కారేపల్లిలో ఎరువులు, విత్తనాల కొట్టు. ఖమ్మం వైపు పొలాలు పలచబడి ఇల్లందు, కొత్తగూడెం అడవులు మొదలయ్యే చోట ఉంటుంది ఊరు. కాగితాల మీద మండలం పేరు సింగరేణి, జనం నోట్లో కారేపల్లి. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలుపెట్టినవాళ్ళు కంపెనీకి పేరు మాత్రం మా సింగరేణి ఊరిది తీసుకుపోయారు. పేరు దేశమంతా తిరుగుతోంది, ఊరు ఇక్కడే ఉంది. నా సంగతీ అంతే కావాలని చిన్నప్పట్నుంచీ ఆశ. నేను ఇక్కడే ఉన్నాను, రెండో సగం జరగాలి.

నా మొదటి సలహా వాతావరణం గురించి. రచయితకు ప్రశాంతత ఉండాలన్నాను. ఖమ్మం వెళ్ళి టేబుల్ లైటు తెచ్చాను. గది మూలన బల్ల వేయించాను. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా టీవీ బంద్ అన్నాను. సీరియల్ వేళ కావడంతో ఇంట్లో ప్రశాంతత ఆ క్షణం నుంచే పోయింది. ఇంత చేస్తే పిల్ల ఆ బల్ల దగ్గరికే రాలేదు. కొట్లో యూరియా బస్తాల మీద కూర్చుని, చెల్లని పాత బిల్లు బుక్కు వెనకవైపు రాసుకుంటోంది. వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటూ, మధ్యలో లేచి మొక్కజొన్న విత్తనాల ప్యాకెట్లు అందిస్తూ, మళ్ళీ కూర్చుని రాస్తోంది. బల్ల ఖాళీగా ఉందని నేనే కూర్చున్నాను. లైటు బాగుంది. ముందుమాట ఇంకో రెండు పేజీలు పెరిగింది.

అయినా పట్టు వదల్లేదు. "తల్లీ, మన జిల్లా గొప్పది, ఇక్కడి గాలిలోనే సాహిత్యం ఉంది" అని చరిత్ర ఎత్తుకున్నాను. నేలకొండపల్లి కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో కూర్చుని కీర్తనలు కట్టాడు. 1925లో చిన్నగూడూరులో పుట్టి ఖమ్మంలో చదువుకున్న దాశరథి నిజామాబాద్ జైల్లో కాగితం, కలం లేక బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడు. 1949లో 'అగ్నిధార' పుస్తకమై వచ్చింది. ఎంత ఉద్వేగంగా చెప్పానంటే కొట్టు ముందు నిలబడ్డ ఆసామి కూడా డీఏపీ ధర అడగడం మానేసి విన్నాడు.

పిల్ల అంతా విని, "మరి బొగ్గుకు మనకేం కొదవ నాన్నా? రోజూ స్టేషన్లోంచి వ్యాగన్లకు వ్యాగన్లు పోతనే ఉంటది" అంది.

మా ఆవిడ లోపల్నుంచి, "జైల్లోనే బాగా రాస్తరంటే మీ నాన్నను పంపిద్దాం. ఆ నవల ఏదో అక్కడన్నా తెములుద్ది" అంది.

ఆ రాత్రి ఒక సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది, మనసులోనే. దాశరథి బల్ల కోసం ఆగలేదు. నేను లైటు కూడా కొన్నాను.

రెండో సలహా వస్తువు గురించి. పిల్ల అడిగింది: "మనూళ్ళో రాయడానికి ఏముంది నాన్నా?" ఈ ప్రశ్న పదిహేనేళ్ళ వయసులో ప్రతివాడూ అడుగుతాడు. నేను ఇప్పటికీ అడుగుతున్నాను, అందుకే నా నవల లండన్‌లో మొదలవుతుంది. లండన్‌లో వాన పడుతుందని తప్ప నాకేమీ తెలియదు కాబట్టి అక్కడే ఆగింది కూడా. అయినా తండ్రిగా ధైర్యం చెప్పాలి కదా. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి పుడితే, సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగకుండా ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 1934లో 'గోల్కొండ కవుల సంచిక' వేశారు, అందులో 354 మంది కవులున్నారు అని చెప్పాను. "వాళ్ళలో మనూరాయన ఉన్నడా?" అంది. నాకు తెలియదు. "లేకపోతే నువ్వున్నావుగా" అన్నాను. మొత్తం నా సలహాల్లో నేను ఇప్పటికీ సిగ్గుపడనిది ఇదొక్కటే.

తనకు కథ దొరికింది మాత్రం నా ప్రసంగంలో కాదు, మా ఖాతా పుస్తకంలో. అరువు తీసుకున్నవాళ్ళ లెక్క రాసే ఎర్రట్ట పుస్తకం. నా చేతిరాతే. ఒక పేజీలో ఇలా ఉంది: యూరియా రెండు, డీఏపీ ఒకటి, పురుగుమందు ఒక డబ్బా, పత్తి తీసినాక. దాని కింద వేరే తేదీతో, మందు ఇంకో డబ్బా. దాని కింద మూడే మాటలు: మామ వచ్చి కట్టిండు.

"ఈ మామ ఎవరు నాన్నా? అల్లుడి బాకీ ఆయనెందుకు కట్టిండు? అల్లుడికి చెప్పే కట్టిండా, చెప్పకుండా కట్టిండా?" అని పిల్ల ఒకటే ప్రశ్నలు. నేను ఆ పద్దు రాసిననాడు బాకీ తీరిందనుకున్నాను, అంతకు మించి ఒక్క ఆలోచన రాలేదు. లండన్ వాన గురించి దిగులుపడేవాడికి ఇంట్లో ఎర్రట్ట కింద ఏముందో ఎట్లా కనపడుతుంది?

కథ అనగానే నాలోని సలహాదారు లేచాడు. పురుగుమందు ఉంది కాబట్టి ముగింపు తేలికే, పాఠకుడు గొల్లుమనాలి, అల్లుడిని చంపేయమన్నాను. పిల్ల నావైపు వింతగా చూసింది. "ఆయన బతికే ఉన్నడు నాన్నా. మొన్న బఠానీలు కొనుక్కుంట కనపడ్డడు. మామ గూడ ఉన్నడు, మన కొట్టు ముందే కూసోని బీడీ తాగుతడు."

అది నిజమే. రైతు అనగానే చంపడం, ముసలమ్మ అనగానే వృద్ధాశ్రమానికి పంపడం, పల్లె అనగానే మర్రిచెట్టు నాటడం పెద్దవాళ్ళకు అలవాటైపోయింది. మా వైపు రైతు అల్లుడి బాకీ కట్టి, ఆ సంగతి కూతురికి తెలియకుండా ఏడాదంతా తంటాలు పడతాడు. అందులో ఉన్న కథ చావులో లేదు. ఈ మాట నేను చెప్పినట్టు రాస్తున్నాను గానీ, పిల్ల కథ చదివాకే నాకు తెలిసింది.

తర్వాత భయం పట్టుకుంది. ఆ మామ రేపు కథ చదివితే? ఖాతాదారు పోతాడు. అప్పుడు ఇచ్చిన సలహా మాత్రం వ్యాపారం పుణ్యమా అని బాగా వచ్చింది: పేరు మారిస్తే చాలదు, ఊరు మార్చు, పంట మార్చు, వీలైతే చుట్టరికం కూడా మార్చు. ఆన్ ఫ్రాంక్ అంతటి పిల్ల కూడా తన డైరీ పుస్తకంగా రావాలనుకున్నప్పుడు అందులోని మనుషులకు మారుపేర్ల పట్టీ రాసుకుంది. మా అమ్మాయి పత్తిని మిరప చేసింది, మామను అత్త చేసింది. అత్త వచ్చి కొంగుముడి విప్పి, మడతలు పడిన నోట్లు ఒక్కొక్కటే బల్ల మీద చదును చేసి పెట్టే చోటు ఉంది చూశారూ, అది మా కొట్లో ఎన్నడూ జరగలేదు. చదువుతుంటే మాత్రం బల్ల మీద ఆ నోట్లు నాకు కనపడ్డాయి. దాచుకోవడానికి చేసిన మార్పే కథకు ప్రాణమయ్యింది.

ఇక నేను దిద్దిన సంగతి. కథ మొదటి వాక్యం ఆ పిల్ల ఇలా రాసింది: మా కొట్టుకొచ్చేవాళ్ళు ముందు వానొస్తదా అని అడుగుతరు, తర్వాతనే ధర అడుగుతరు. నాకు నచ్చలేదు. గాంభీర్యం లేదు. తను బడికి పోయినప్పుడు ఎర్ర పెన్ను తీసి, "నిర్మల నీలాకాశాన అరుణారుణ కాంతులు అలుముకుంటున్న ఆ ప్రశాంత ప్రభాత వేళ" అని మొదలుపెట్టాను. అడుగుతరు అన్నదాన్ని అడుగుతారు చేశాను. అత్త మాటలన్నీ గ్రాంథికానికి ఒక్క మెట్టు కింద నిలబెట్టాను. తండాలో పుట్టి పెరిగిన అత్త, లంబాడీ మాటలు కలిపి మాట్లాడే మనిషి, నా చేతుల్లో పడి రేడియో వార్తలు చదవడం మొదలుపెట్టింది.

మా ఆవిడ చదివి, "ఏందయ్యా, ఎవరిదీ పెళ్ళిపత్రిక?" అంది.

పిల్ల ఏమీ అనలేదు. నా దిద్దుబాట్లన్నిటినీ స్కేలు పెట్టి నీటుగా కొట్టేసింది. ఆ గీతలు చూస్తే నాకు కోపం రాలేదు, లెక్కల మాస్టారు గుర్తొచ్చారు.

పెద్దవాళ్ళ భాషలో రాయాలన్న తాపత్రయం ఒక వయసులో అందరికీ ఉంటుంది, దానికి పిల్లల్ని తిట్టక్కర్లేదు. శ్రీశ్రీ పద్దెనిమిదేళ్ళకు, 1928లో 'ప్రభవ' అచ్చు వేశాడు. పాత ఛందస్సులో పాత పోకడ కవిత్వం. ఇవాళ దాన్ని తెరిచేవాళ్ళు తక్కువ. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చేసరికి 1950. మొదట అనుకరించినందుకు ఆయనకు నష్టమేమీ జరగలేదు, అక్కడే ఆగిపోయి ఉంటే జరిగేది. నాకు జరిగినట్టు.

కథ బాగుందో లేదో తెలుసుకునే మార్గం కూడా పిల్లే కనిపెట్టింది. ఫిబ్రవరిలో మా అత్తగారింట కల్లంలో మిరపకాయలు ఎండుతుంటాయి. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని తాలు ఏరుతుంటారు. తెల్లబడ్డ కాయ, మచ్చ కాయ ఒకపక్కకు, ఎర్రటి గట్టికాయ ఒకపక్కకు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. పిల్ల అక్కడ కూర్చుని కథ చదివింది. చదువుతూ వాళ్ళ మొహాలు కాదు, చేతులు చూసింది. కథ బాగున్న చోట చేతులు నెమ్మదించాయి. బాగా లేని చోట చకచకా కదిలాయి, ఒకావిడ పక్కావిడను నీళ్ళడిగింది. పిల్ల ఆ చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టుకుంది. ఇంటికొచ్చి చుక్కలున్న పేరాలు తీసేసింది. తాలు ఏరడమంటే అదే కదా. తాలు కలిసిన బస్తాకు ఖమ్మం మార్కెట్లో మొత్తానికీ ధర పడిపోతుంది, మంచికాయ ఎంతున్నా లాభం లేదు.

ఇదేదో బాగుందని నేనూ నా ముందుమాట పట్టుకెళ్ళాను. శ్రమ పేరా చదువుతుండగా ఒక్కొక్కరి కళ్ళల్లో నీళ్ళు. ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా గొంతు వణికింది. ఇంతకాలానికి నన్ను అర్థం చేసుకున్న పాఠకులు దొరికారనుకున్నాను. పేరా అయిపోయాక కూడా ఏడుపు ఆగకపోతే అనుమానమొచ్చి అడిగాను. "ఘాటు అన్నా, గాలి ఇటు మళ్ళింది" అన్నారు. చేతులు మాత్రం మొదట్నుంచీ చకచకా కదులుతూనే ఉన్నాయట, మా అమ్మాయి చూసిందట.

తిరగరాయడం తక్కువ పని కాదని పిల్లలకు ఎవరూ చెప్పరు. 1944 వసంతంలో, యుద్ధం ముగిశాక జనం డైరీలు సేకరిస్తామని లండన్ నుంచి రేడియోలో విని, ఆన్ ఫ్రాంక్ తన డైరీని విడికాగితాల మీద మళ్ళీ మొదట్నుంచీ రాయడం మొదలుపెట్టింది. కొన్ని కొట్టేసింది, కొన్ని కలిపింది. అప్పటికి ఆ పిల్లకు పదిహేనేళ్ళు నిండలేదు, దాక్కున్న ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టే వీల్లేదు. చందమామలో ఎవరెవరో పంపిన కథల్ని కొడవటిగంటి కుటుంబరావు తిరగరాసి అందరికీ ఒకే తేట తెలుగు అమర్చేవారు. ఆయన దిద్దితే కథ తేలికయ్యేది. నేను దిద్దితే బరువెక్కుతోంది. మధ్యలో ఒక్క తేడానే, ఆయన తీసేసేవారు.

చెప్పక తప్పనిది ఇంకోటుంది. ఒకనాడు పిల్ల లేనప్పుడు ఆ బిల్లు బుక్కు అడక్కుండా తీసి చదివాను. పితృవాత్సల్యం అని పేరు పెట్టుకున్నాను గానీ నా గురించి ఏమన్నా ఉందేమోనని ఆత్రం. ఉంది. ఒక పాత్ర ఉంది. అతను రాయడానికి కూర్చునే ముందు పెన్నులు మూడు వరసగా పేరుస్తాడు. టీ అడుగుతాడు. టీ వచ్చేదాకా రాయడు. వచ్చాక చల్లారిందని రాయడు. ఎవరైనా వస్తే ఇప్పుడే రాయబోతున్నా అంటాడు. ఇందులో ఒక్క విశేషణం లేదు, నన్ను తిట్టిన మాట లేదు, అయినా నేను దాన్ని రెండోసారి చదవలేకపోయాను.

ఈ సంగతి మా ఆవిడకు చెబితే సానుభూతి వస్తుందనుకున్నాను. ఆవిడ ఆ సాయంత్రమే బియ్యం డబ్బా వెనక నోటుబుక్కుకు చోటు చేసింది, "ఇది నీది, ఎవరూ ముట్టరు" అని పిల్లకు నా ఎదురుగానే చెప్పింది. రాసే పిల్లలకు బల్ల కంటే ముందు కావలసింది అదేనని ఇప్పుడనిపిస్తోంది. తల్లిదండ్రులు చదువుతారన్న భయముంటే పిల్ల మంచి పిల్లలా రాస్తుంది. మంచి పిల్లలు రాసిన కథలు బళ్ళో బహుమతులకు పనికొస్తాయి.

చదవడం విషయంలో నేను పెద్దగా చెడగొట్టలేకపోయాను. కథల పుస్తకం కావాలంటే మాకు ఖమ్మం బస్సెక్కడమే. ఇప్పుడు ఆ బాధ కొంత తీరింది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం పాత పత్రికల్లోని తెలుగు కథల్ని వేలకొద్దీ నెట్‌లో ఉంచింది, ఫోన్లోనే చదవొచ్చు. పిల్లలు రాసినవి చదివితే పిల్లలకు ధైర్యమెక్కువ వస్తుంది. న్యాయపతి దంపతులు 1945లో 'బాల' మొదలుపెట్టినప్పుడూ, 2008లో 'కొత్తపల్లి' పత్రిక వచ్చినప్పుడూ అందులో పిల్లల రాతలకు చోటిచ్చారు.

అదే ఫోన్లో ఇంకో సౌకర్యమూ ఉంది. అడిగితే కథ అదే రాసిపెడుతుంది. పిల్ల వాడుతుందేమోనని ముందు నేను పరీక్షించాను. నా నవల మొదటి అధ్యాయం రాయమంటే అర నిమిషంలో రాసింది. పచ్చని పల్లె, ఊరి మధ్య మర్రిచెట్టు, రచ్చబండ మీద తలపాగాతో జ్ఞానవంతుడైన తాత. మా ఆవిడ చదివి, "అచ్చం నువ్వు రాసినట్టే ఉంది" అంది. మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను. పిల్ల మాత్రం, "ఈ మర్రిచెట్టు మనూళ్ళో యాడుంది నాన్నా?" అని అడిగింది. పరీక్ష అయిపోయింది, తప్పింది నేనూ, ఫోనూ.

పేరు పెట్టడంలో కాస్త చర్చ జరిగింది. నేను 'కన్నీటి కెరటాలు' అన్నాను. కథలో కన్నీళ్ళూ లేవు, మా దరిదాపుల్లో సముద్రమూ లేదు. పిల్ల భద్రాచలం రోడ్ స్టేషన్ గుర్తుచేసింది. మా కారేపల్లి జంక్షన్ దాటి వెళ్తే వచ్చే ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. పేరు చూసి దిగిన భక్తులు రాముడెక్కడని అడుగుతారు, నలభై కిలోమీటర్లు ఇంకా, గోదావరి అవతల అని ఆటోవాళ్ళు చెబుతారు. "చదివేటోళ్ళను అట్ల దింపొద్దు నాన్నా" అంది. కథకు 'బాకీ' అని పేరు పెట్టింది.

పత్రికకు పంపే పద్ధతి మాత్రం నాకు బాగా తెలుసు, పంపడం తప్ప అన్నీ తెలుసుకున్నవాణ్ణి కాబట్టి. యూనికోడ్‌లో టైపు చేయాలి. ఎన్ని పదాలు అడిగారో అంతకు మించకూడదు. కథ సొంతమనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయాలి. ఒకే కథ ఇద్దరికి పంపితే ఇద్దరూ వేసుకున్ననాడు పరువు పోతుంది. నకలు దగ్గరుంచుకోవాలి. నెలల తరబడి జవాబు రాదు, ఫోన్ చేసి అడగకూడదు, ఆ నెలల్లో రెండో కథ రాయాలి. పరీక్షలు దగ్గర పడ్డాయి కదా ఎట్లా అంటే, రోజుకు అరపేజీ చాలంది పిల్ల, అరపేజీ అయ్యాక రాయాలనిపించినా ఆపేస్తుందట, మర్నాటికి ఉంటుందని. పెన్నులు పేర్చడానికే నాకు అంతకంటే ఎక్కువ పడుతుంది.

చివరికి సలహాదారు పదవి పోయి నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చింది. కొట్లో బిల్లుల కంప్యూటరు ఉంది, తెలుగు కీబోర్డు నాకే వచ్చు. పిల్ల పక్కన యూరియా బస్తా మీద కూర్చుని చదువుతోంది, నేను కొడుతున్నాను. అత్త బస్సు దిగి కొట్టు వైపు నడిచే చోట, పైన ఎండ ఉందని మాత్రమే రాసింది. నా వేళ్ళు ఊరుకోలేదు. ఎండ ముందు చిన్నగా, ఎవరికీ తెలియకుండా, 'ప్రచండ' అని చేర్చాను.

"నాన్నా, అక్కడేదో కలిపినవ్."

"ఏం లేదు తల్లీ, ఒకటే."

"తీసెయ్."

తీసేశాను. పిల్ల తర్వాతి వాక్యానికి వెళ్ళాక, బిల్లు బుక్కు మూలన ఆ మాట రాసిపెట్టుకున్నాను. నా నవల్లో పనికొస్తుంది.